కాగితపు ఇంటికి వెన్నుదూలం

కోర్బినియన్ ఐబ్ల్ ఏటా ఒక ఇల్లు కట్టేవాడు. ఇటుక ముట్టకుండా, సున్నం అంటకుండా, కుర్చీలోంచి లేవకుండా కట్టేవాడు. మంచు కరగగానే పునాది తవ్వి, వేసవి సెలవులు రాకముందే పెంకు కప్పేసేవాడు. మరుసటి ఏడు మళ్ళీ అదే ఇల్లు, అదే తలుపు, అదే పెంకు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత బవేరియా వాళ్ళకి తెలియదు గాని, తెలిసుంటే ఆయన్ని సోమలింగం అనే పిలిచేవాళ్ళు.

ఆయన తప్పేం లేదు, అది ఆయన ఉద్యోగం. ఏ దేశంలో ఇల్లు కట్టడానికి ఎంతవుతుందో, ఏ దేశపు మేస్త్రి గంటలో ఎంత గోడ లేపుతాడో పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఐరోపా దేశాలకి పెద్ద ఆరాటం. పోల్చాలంటే అందరూ ఒకే ఇంటికి ధర కట్టాలి కదా. అందుకని అన్ని దేశాల లెక్కల పెద్దలూ కూర్చుని ఒక ఇల్లు గీశారు. గీసేటప్పుడు ఎవరి కోరిక వాళ్ళది. చలిదేశం వాళ్ళు గోడ మందంగా ఉండాలన్నారు, ఎండదేశం వాళ్ళు కిటికీలకి చెక్క రెక్కలుండాలన్నారు, నేలంతా నీళ్ళున్న దేశం వాళ్ళు మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉండాలన్నారు. ఎవరినీ నొప్పించకుండా అన్నీ పెట్టారు. చివరికి అది పదిమంది అత్తలు కలిసి కాచిన పులుసులా తయారైంది. అలాంటి ఇల్లు ఏ దేశంలోనూ ఎవరూ కట్టుకోరు. అందుకే పోల్చడానికి అంతకన్నా న్యాయమైన ఇల్లు లేదని పెద్దలు చప్పట్లు కొట్టారు.

ఆ ఇంటికి జర్మనీ దక్షిణ కొస తరఫున ధర కట్టే పని కోర్బినియన్‌ది. ఇటుకకెంత, ఇసుకకెంత, మనిషి గంటకెంత, ఆ గంటలో ఎంత పని, అన్నీ రాసి కింద ఒకే ఒక్క అంకె వేసేవాడు. ఆ అంకెని ఎవరైనా అనుమానించారంటే ఆయన వంశాన్ని అనుమానించినట్టే.

అనుమానించేవాడు ఒకడున్నాడు. సాల్‌జాఖ్ నదికి ఇటు బవేరియా, అటు ఆస్ట్రియా. అవతలి ఒడ్డున ఇదే ఇంటికి ఆస్ట్రియా తరఫున ధర కట్టే మనిషి రూపెర్ట్ షార్లర్. రూపెర్ట్ ఇల్లు ఏటా కోర్బినియన్ ఇంటికన్నా చవగ్గా, త్వరగా పూర్తయ్యేది. ఇద్దరూ ఏటా సమావేశంలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు, ఏటా దెబ్బలాడుకునేవాళ్ళు.

"మీ మేస్త్రులకి ఎన్ని చేతులయ్యా రూపెర్ట్?"

"రెండే. కాకపోతే మీవాళ్ళకి మల్లే ఒక చేతికి బీరు గ్లాసు అతుక్కుని ఉండదు."

"మావాళ్ళు తాగిన గంట కూడా నేను గంటేనని రాస్తాను. మీవాళ్ళు తాగిన గంటని నువ్వెక్కడ దాస్తావో చెప్పు."

"దాచడమెందుకు? మావాళ్ళు తాగుతూ కూడా కడతారు."

ఇక ఇంటి దగ్గర ఆయన భార్య అఫ్రా. ఇద్దరూ ట్రౌన్‌స్టైన్ పట్నంలో ఒక రొట్టెల దుకాణం మీద మేడ అద్దెకి తీసుకుని కాపురమంతా అక్కడే గడిపారు. ఊళ్ళూ దేశాలూ తిరిగే ఇల్లు మొగుడి సంచిలో ఉంటే, తెల్లారేసరికి కింద పొయ్యి సెగ అఫ్రా పక్క కిందికి వచ్చేది. ఆమె నోరు మంచిదే గాని ఊరుకునే రకం కాదు.

"ఈ ఏడైనా వంటగది దక్షిణానికి మార్చారా?" అని అడిగేది.

"లేదు. ఎప్పట్లాగే ఉత్తరమే. నలభై దేశాలు ఒప్పుకోవాలి."

"నలభై దేశాల్లో ఒక్క ఆడదాన్నైనా అడిగారా?"

ఆ ప్రశ్న ఏ సమావేశంలోనూ చర్చకి రాలేదు.

చివరికి కోర్బినియన్ ఉద్యోగం ముగిసింది. వీడ్కోలు విందుకి రూపెర్ట్ నది దాటి వచ్చాడు. పంది తొడ వేపుడు కానిచ్చి, రెండో గ్లాసు ఎత్తి, అందరూ వినేలా ఒక మాటన్నాడు.

"కోర్బీ, నీ అంకె గొప్పదే. దాన్ని ఎవరూ నేల మీద నిలబెట్టమని అడగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ నిలబడింది. కట్టి ఉంటే మొదటి గోడకే కూలేది."

నవ్వారంతా. కోర్బినియన్ నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"కడతాను. ఉన్నది ఉన్నట్టు, ఆ కాగితం మీద ఇల్లే, నేను వేసిన ఆఖరి అంకెకే, నేను రాసిన గంటల్లోనే కడతాను. ఒక్క సెంటు పెరిగినా, ఒక్క గంట దాటినా, నా లెక్కలన్నీ కాకి లెక్కలని నేనే ఒప్పుకుంటాను."

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు ఊరికే అన్నారా? పెళ్ళి చేసుకుని చూసినవాడే, ఇక ఇల్లొకటి మిగిలింది. పక్కన కూర్చున్న అఫ్రా మొగుడి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగబోయి, మళ్ళీ వదిలేసింది. అంకె ఎలాగైనా పోనీ, ఇల్లు వస్తోంది కదా అనుకుంది.

నది ఒడ్డున లైటెన్ అనే పల్లెలో స్థలం కొని, ఇల్లు లేచేదాకా ఆ పక్కనే రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఇద్దరిలో ఎవరిదీ ఆ ఊరు కాదు. బవేరియా పల్లెల్లో మూడు తరాల కింద వచ్చినవాడిని కూడా "నిన్న వచ్చిన వాడు" అంటారు. వీళ్ళు నిజంగానే నిన్న వచ్చారు.

గోడలు లేస్తుంటే ఊరంతా వరసలు కట్టి చూసిపోయింది. పక్కింటి పాడి రైతు బుర్గి పాలబిందె పక్కన పెట్టి మరీ చూసేది.

"అఫ్రా, ఈ కిటికీ రెక్కలెందుకమ్మా? మాకు ఎండే రాదు కదా!"

"అవి ఎండదేశం వాళ్ళవి, బుర్గి."

"ఈ మెట్లు? ఎక్కితే దిగగలమా?"

"అవి నీళ్ళదేశం వాళ్ళవి."

"మరి మనవేవి ఇందులో?"

అఫ్రా కాసేపు వెతికింది. "పక్కనున్న గడ్డి" అంది.

కోర్బినియన్ మాత్రం ఆనందంలో తేలిపోతున్నాడు. ప్రతి రోజూ సాయంత్రం రాసిన గంటా, గడిచిన గంటా సరిపోతున్నాయి. మెడలో ఈల వేసుకునే ఆటల పంతులులా, మీట నొక్కితే ఆగే గడియారం ఒకటి వేలాడేసుకుని గోడల మధ్య తిరిగేవాడు. ఉదయం తొమ్మిదింటికి మేస్త్రులు పని ఆపి సాసేజ్, ముల్లంగి, ప్రెట్జెల్ రొట్టె ముందేసుకుంటే, ఆయన బొటనవేలు మీట మీదే ఉంచి, మళ్ళీ మొదటి ఇటుక లేచేదాకా ఆ నిమిషాలు కూడా లెక్కపెట్టేవాడు.

వడ్రంగి మేస్త్రి క్విరిన్ అది చూసి ఊరుకోలేకపోయాడు. బొంగురు గొంతు, తలుపంత వీపు. "అయ్యా, ఆ గడియారం మాకెందుకు, మీ సాసేజ్‌కి పెట్టండి. అది చల్లారిపోయి పావుగంటయింది" అన్నాడు.

గోడలయ్యాయి. వెన్నుదూలం వచ్చింది. కప్పు నడినెత్తిన, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడుకునే దూలం. క్విరిన్ ఒక నిటారు దేవదారు మానుని చెక్కి, నున్నగా చేసి, స్థలంలో దుంగల మీద పడుకోబెట్టాడు. సోమవారం పైకెత్తాలి. వెళ్ళబోతూ కోర్బినియన్ చెవిలో ఒక మాట వేశాడు.

"అయ్యా, కాపలా ఉంచుకోండి. ఎత్తుకుపోతారు."

"ఎవరు?"

"ఎవరైనా. ఊరివాళ్ళు. ఎత్తేలోపల స్థలం గట్టు దాటించారంటే ఇక దూలం వాళ్ళది. మీరు విడిపించుకోవాలి. ఒక పెద్ద బీరు పీపా, ఎత్తినవాళ్ళందరికీ వాళ్ళ ఇంటిల్లిపాదికీ విందు. పైగా కోర్టు పెడతారు, మిమ్మల్ని నిలబెట్టి విచారిస్తారు. విడిపించుకోకపోతే దాన్ని కోసి ఊరి బీరు సత్రంలో బల్లలు చేస్తారు, ఆ బల్లల మీద మీ పేరు రాస్తారు. మా నాన్న కాలం నుంచీ ఉన్నదే."

తాతల ఆచారం మీద కోర్బినియన్‌కి కోపం లేదు. కాని దేశాలన్నీ కూర్చుని గీసిన ఆ ఇంట్లో బీరు పీపాకి పద్దు లేదు. దూలం దొంగతనానికి గంటలు లేవు. ఒక్క పీపా పొర్లితే అంకె మునిగిపోతుంది. అంకె మునిగితే రూపెర్ట్ అవతలి ఒడ్డు మీద నిలబడి చేతులూపుతాడు.

ఇనప గొలుసు కొన్నాడు. దూలాన్ని సిమెంట్ కలిపే యంత్రానికి కట్టి, తాళం వేసి, తాళంచెవి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. గుడ్డ కుర్చీ తెచ్చి దాని పక్కనే వేసుకుని, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కు నిండా కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు. పక్షి వాలినా టార్చి వేశాడు. బుర్గి పిల్లి ఒకటి దూలం మీద నడిస్తే దాన్ని కూడా స్థలం దాటేదాకా సాగనంపాడు.

ఎవరూ రాలేదు.

వారమంతా రాలేదు. శనివారం పొద్దున్న కోర్బినియన్ ముఖం వెలిగిపోతోంది. "చూశావా అఫ్రా? నా కాపలా ముందు వీళ్ళ ఆచారం ఎంత!" అన్నాడు.

అఫ్రా ముఖం వెలగలేదు. ముందురోజు పాలకి వెళ్ళినప్పుడు, దూలం ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని మాట వరసకి అంటే, బుర్గి నవ్వి, "మీదా? మీది ఎవరెత్తుతారమ్మా! మా ఊరి ఇల్లయితే కదా ఎత్తడం. అది నలభై దేశాల ఇల్లు. నలభై దేశాల వాళ్ళే వచ్చి ఎత్తుకోవాలి" అందట. అంది ప్రేమగానే. ప్రేమగా అన్నందుకే అది అఫ్రాకి ఎక్కడో గుచ్చుకుంది. కోర్బినియన్‌కి చెప్తే, "మంచిదే కదా, ఖర్చు తప్పింది" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే అఫ్రా మొగుడి కోటు దులిపి చేతికిచ్చింది.

"చర్చికి రా."

"దూలం?"

"గొలుసు వేశావు, తాళం వేశావు. దేవుడి ముందు కాసేపు కూర్చుంటే యంత్రాన్ని కూడా లాక్కుపోతారా? కొత్త ఊళ్ళో అప్పుడే పూజ మానేశాడేమని ఫాదర్ అడిగితే నన్ను చెప్పమంటావా?"

వెళ్ళాడు. కూర్చున్నాడు. పాట అందుకున్నారు. పాటలో ఏదో వెలితి ఉందని ఆయనకి అనిపించింది. మరి కాసేపటికి అర్థమైంది, క్విరిన్ బొంగురు గొంతు లేదు. తల తిప్పి చూశాడు. వెనక బల్లలు మగవాళ్ళు లేక బోసిగా ఉన్నాయి. ఆడవాళ్ళందరూ ఆయన్నే చూస్తున్నారు. బుర్గి పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది గాని, ఆమె భుజాలు ఊగుతున్నాయి.

లేవబోయాడు. అఫ్రా మోచెయ్యి పట్టుకుంది.

"ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టాడు. మధ్యలో లేస్తే బాగుండదు."

ఆ రోజు ఫాదర్ ప్రసంగం ఎన్నడూ లేనంత పొడుగ్గా సాగింది. పరుల సొత్తు ఆశించకూడదని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు దగ్గొచ్చి ఆపుకున్నాడు. ఆయన కూడా ఆ ఊరివాడే మరి.

ఇంటికొచ్చి చూస్తే దూలం లేదు. గొలుసు ముచ్చటగా చుట్టచుట్టి పెట్టి ఉంది. దాని మీద, ఆకులతో సహా, ఒక ముల్లంగి కట్ట. తాళం పగలలేదు, తెరిచి ఉంది. కోర్బినియన్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి లేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. పెళ్ళాం వైపు తిరిగాడు. అఫ్రా ముల్లంగులు చేతిలోకి తీసుకుని, "లేతగా ఉన్నాయి" అంది.

అంతలో ఫోన్ మోగింది.

"కోర్బీ! నీ దూలం క్షేమంగా ఉందని చెప్దామని చేశాను" అన్నాడు రూపెర్ట్. "మీ ఊరివాళ్ళు వంతెన దాకా మోసుకొచ్చారు, మావాళ్ళు అక్కణ్ణుంచి అందుకున్నారు. ఇప్పుడది ఆస్ట్రియాలో ఉంది. అంటే నీకిక అది దిగుమతి సరుకన్న మాట. ఏ దేశపు ధర వేసుకుంటావో ఆలోచించుకో, తొందరేం లేదు."

"రూపెర్ట్, ఇది దొంగతనం!"

"ఔను మరి. లేకపోతే ఏమనుకున్నావు? బుధవారం కోర్టు పెడుతున్నాం. పీపా పెద్దదై ఉండాలి. మావాళ్ళు దాహంతో ఉన్నారు."

కోర్బినియన్ ఫోన్ పెట్టేసి క్విరిన్ ఇంటికి పరిగెత్తాడు. వడ్రంగి కొట్టం అరుగు మీద కూర్చుని కుడి భుజానికి తైలం రాసుకుంటున్నాడు.

"భుజానికేమైంది మేస్త్రీ?"

"పడుకున్నప్పుడు పట్టేసిందయ్యా."

"ఇంకో దూలం చెక్కు. రేపటికల్లా కావాలి."

క్విరిన్ తైలం సీసా మూత బిగించి, "ఎత్తుకుపోయిన దూలం బతికుండగా ఇంకోటి చెక్కిన వడ్రంగికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పనిచ్చేవాడుండడయ్యా. పైగా ఇలా నూనె రాసుకుంటున్నానంటే, ఎవరి మూలంగానో నేను మీకు చెప్పలేను" అన్నాడు.

కోర్బినియన్ ఇంటికొచ్చి ఆలోచించాడు. దారి ఉంది. పట్నంలో చెక్క పలకలు అతికించి దూలాలు చేసే కార్ఖానా ఉంది. ఫోన్ చేస్తే మంగళవారానికి లారీలో వస్తుంది, క్రేన్‌తో పైన పెట్టేస్తారు. లెక్క వేశాడు. రెండుసార్లు వేశాడు. దూలం రెండుసార్లు కొన్నా, బీరు పీపా, విందు, పోయే రోజు కూలీ కలిపిన దానికన్నా తక్కువే. ఇటీవల ఇసుక దగ్గరా, పెంకు దగ్గరా మిగిల్చింది అందులో పెడితే అంకె బతుకుతుంది. సన్నని గట్టు మీద నడిచినట్టే గాని, బతుకుతుంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

అఫ్రా గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వే కదా?" అన్నాడు.

"నేనే. నీ జేబులోంచి తీసి బుర్గి చేతికిచ్చాను. నదికి అవతల పెడితే తప్ప నువ్వు కదలవని రూపెర్ట్‌కి కూడా నేనే చెప్పాను."

"నా అంకె ఏమవుతుందో తెలిసి కూడానా?"

"తెలిసే. బుర్గి ఇంటికి వెళ్ళి బతిమాలాను, కోర్బీ. మా దూలం ఎత్తుకుపొండమ్మా అని. వాళ్ళ మగవాళ్ళంతా అన్నం ముందు కూర్చుని ఉన్నారు. దొంగతనం చెయ్యమని ఊరిని బతిమాలుకోవడం ఎంత సిగ్గో నీకు తెలుసా? ఈ ఊళ్ళో దొంగలు పడని ఇల్లు మనదొక్కటే." ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నీకూ నాకూ వయసయింది. రేపు నువ్వు పోతే నిన్ను మొయ్యడానికి నలుగురు కావద్దా? నేను పోతే నన్ను? దూలం మొయ్యడానికి రానివాళ్ళు మనల్ని మొయ్యడానికి వస్తారా? వాళ్ళకి నీ అంకె చూపిస్తావా?"

కోర్బినియన్‌కి కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. ఒక్క జీవితకాలంలో ఒక్క అంకె నిలబెట్టుకుందామంటే కంచే చేను మేసింది. ఏదో గట్టిగా అనబోయాడు. బయట కప్పులేని గోడల పైన మబ్బు దిగుతోంది. అఫ్రా కళ్ళు తుడుచుకోకుండా అలాగే నిలబడి చూస్తోంది. అద్దె మేడ మీద, పొయ్యి సెగలో, కాగితం మీది వంటగది కోసం ఏటా దెబ్బలాడిన మనిషి. ఆమె దెబ్బలాడింది సరదాకి కాదని ఆయనకి ఆ క్షణాన తట్టింది, తట్టి చాలా సిగ్గేసింది.

ఫోన్ నొక్కాడు. కార్ఖానాకి కాదు, సత్రానికి.

"పెద్ద పీపా కావాలి. బుధవారానికి. ఔను, పెద్దదే... ఎంతమందికా? నాకు తెలిసినంతవరకు రెండు దేశాలకి."

బుధవారం మధ్యాహ్నం వంతెన మీద బాకాలు మోగాయి. ముందు వాద్యగాళ్ళు, వెనక ట్రాక్టరు బండి మీద పూలదండలు వేసుకుని, పెళ్ళికూతురిలా పడుకుని దూలం, దాని వెనక రెండొడ్డుల జనం. కప్పులేని హాలు మధ్యలో ఒక పెట్టె తిరగేసి దాని మీద రూపెర్ట్ కూర్చున్నాడు. అదే న్యాయస్థానం. నెత్తిన న్యాయమూర్తి జుట్టులా గొర్రె బొచ్చు చుట్టుకున్నాడు. చేతిలో న్యాయమూర్తి సుత్తి బదులు క్విరిన్ వడ్రంగి సుత్తి.

"ముద్దాయి కోర్బినియన్ ఐబ్ల్! నువ్వు చేసిన నేరం దూలం కాయలేకపోవడం కాదు. ఏళ్ళ తరబడి ఈ ఇంటిని నలభై దేశాలకి చూపించి, ఇందులో ఒక్క చుట్టాన్నీ ఒక్క పొరుగునీ పెట్టలేదు. ఒక్క గ్లాసు బీరు కూడా పొయ్యలేదు. నేరం ఒప్పుకుంటావా?"

"న్యాయమూర్తిగారూ, ఆ నేరం మీరూ చేశారు."

"న్యాయమూర్తిని ప్రశ్నించకూడదు!" అని సుత్తి కొట్టాడు రూపెర్ట్. జనం గొల్లున నవ్వారు.

"అయితే సాక్షులని అడగొచ్చా?" కోర్బినియన్ మెడలోని గడియారం చేతిలోకి తీసుకున్నాడు. "క్విరిన్ మేస్త్రీ, దూలం మోసింది ఎంతమంది?"

"నేను పూజలో ఉన్నానయ్యా."

"నీ భుజం మాత్రం పూజలో లేదులే. ఎంతమంది?"

"ఇరవైమంది దాకా" అన్నాడు క్విరిన్ తల గోక్కుంటూ.

"ఇక్కణ్ణుంచి వంతెన కనిపిస్తోంది. ఎంతసేపు పట్టింది?"

క్విరిన్ నేల చూశాడు. వెనకనుంచి బుర్గి అందుకుంది. "పూజ గంట కొట్టగానే బయల్దేరారు, ఫాదర్ ప్రసంగం అంత సాగినా పూజ ముగిసే వేళకి గాని దాటలేదు! దారిలో సత్రం దగ్గర దింపారు, మా కొట్టం దగ్గర దింపారు, మళ్ళీ వెనక్కొచ్చి సత్రం దగ్గర దింపారు!"

"అంటే," కోర్బినియన్ కోర్టుకి తిరిగి వంగి నమస్కరించాడు, "ఇరవైమంది, పూజ జరిగినంతసేపూ, ఒక్క దూలం, పిలిస్తే పలికేంత దూరం. న్యాయమూర్తిగారూ, నేను అన్ని దేశాల మేస్త్రుల పనీ చూశాను. ఇంత అధ్వాన్నమైన పనితీరు ఏ పట్టికలోనూ లేదు. దొంగతనంలో ఈ రెండొడ్డులూ ఐరోపాలో ఆఖరున ఉన్నాయి. ఈ ముఠాని నేను పనిలోకి తీసుకోను!"

లేచిన నవ్వుకి వాద్యగాడి బాకా చేతిలోంచి జారింది. క్విరిన్ వచ్చి ఆయన వీపు మీద ఒక చరుపు చరిచాడు. "నువ్వు మామూలోడివి కాదురా కోర్బీ!" అన్నాడు. అంతదాకా అయ్యా అన్నవాడు. ఆ చరుపుకి కోర్బినియన్ రెండడుగులు ముందుకు పడ్డాడు. వీపు మండింది. అది ఆయనకి చాలా బాగుంది.

రూపెర్ట్ తీర్పు చెప్పాడు. పీపా తెరవాలి. దూలం ఎత్తాలి. ఎత్తాక వడ్రంగి పైకెక్కి గ్లాసు తాగి విసిరెయ్యడం అక్కడి ఆచారం, ఈసారి వడ్రంగి బదులు ముద్దాయి ఎక్కి, ఈ ఇంటికి పట్టిన అసలు ఖర్చు, అసలు గంటలు రెండొడ్డులకీ వినపడేలా చెప్పాలి.

క్రేన్ రాలేదు, ఎవరూ పిలవలేదు. తాళ్ళు కట్టారు. పట్టినవాడల్లా పట్టాడు, లాగినవాడల్లా లాగాడు. సత్రం యజమాని పట్టాడు, ఫాదర్ అంగీ నడుముకి దోపుకుని పట్టాడు. వంటలు దించి ఆడవాళ్ళూ వచ్చారు. హైలెస్సా అంటే మన దగ్గర ఎలా లేస్తుందో అలాగే లేచింది దూలం. కోర్బినియన్ రెండు పూటల పని, క్రేన్ అద్దె అని రాసుకున్నది, ఆయన గడియారం మీట నొక్కడం గుర్తొచ్చేలోపలే గోడల నెత్తిన కూర్చుంది.

ఆయన నిచ్చెన ఎక్కాడు. నీళ్ళదేశపు మెట్లు ఎక్కడంకన్నా అదే సులువనిపించింది. క్విరిన్ గ్లాసు అందించాడు. కింద రూపెర్ట్ గొర్రె బొచ్చు తీసేసి, చెవి మీది పెన్సిల్ చేతిలోకి తీసుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది.

"చెప్పు కోర్బీ! ఎంత?"

కోర్బినియన్ లోపల లెక్క అలవాటుగా తనంతట తనే మొదలైంది. పీపా కలిపాడు. విందు కలిపాడు. క్రేన్ తీసేశాడు. బుర్గి లాగిన తాడుకి గంటకెంత? ఫాదర్‌కి ఏ పనివాడి కూలీ? క్విరిన్ భుజం నొప్పి కలపాలా, తీసెయ్యాలా? అఫ్రా వెళ్ళి బతిమాలుకున్న ఆ పూటని ఎక్కడ రాయాలి? ఒక్కొక్కటి పెడుతుంటే అంకె ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, చివరికి ఎటు పోయిందో కనిపించకుండా పోయింది. వెతుక్కోబుద్ధి కూడా కాలేదు. కింద అఫ్రా బుర్గి పక్కన నిలబడి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని తనవైపే చూస్తోంది.

"తెలీదు!" అని అరిచాడు.

జన్మలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. గ్లాసు గటగటా తాగి విసిరేశాడు. ముక్కలైంది, జనం హోరుమన్నారు.

రూపెర్ట్ పెన్సిల్ ఎత్తి, ఒక్కో అక్షరం పలుకుతూ రాసుకున్నాడు. "జర్మనీ... తెలీదు." తలెత్తాడు. "మరి మా ఆస్ట్రియా అంకె చెప్పమంటావా? కంఠతా వచ్చు!"

"దమ్ముంటే నువ్వూ కట్టి చూడరా రూపెర్ట్!" పైనుంచి కోర్బినియన్ చేతులు రెండూ చాచి అరిచాడు. "కట్టు! దూలం తెచ్చి పడుకోబెట్టు! ఎత్తుకుపోవడానికి లైటెన్ వాళ్ళం మేమంతా వస్తాం!"

ఊరు ఊరంతా "వస్తాం!" అని పలికింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి అఫ్రా బుర్గి చెయ్యి పట్టుకుంది. బుర్గి ఆ చెయ్యి వదిలించుకోలేదు గాని, పైకి చూసి కేకేసింది.

"ఒరే కోర్బీ, దిగరా ఇంక! మా మగాళ్ళు పీపా ఖాళీ చేసేస్తున్నారు. మన ఊరివాళ్ళ సంగతి నీకు తెలీదా?"